ర్యాక్‌లో టెస్ట్ పరికరాలు బిగించే ముందు జాగ్రత్తలు

స్పెక్ట్రమ్ అనలైజర్ (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూపే పరికరం), పవర్ సప్లై లాంటివి ర్యాక్‌లోకి (పరికరాలు ఒకదానిపై ఒకటి బిగించే ఫ్రేమ్) ఎక్కించే ముందు ఇవి చూసుకోండి.

• గాలి ఎటు పోతోంది? కొన్ని పక్కల నుంచి పీల్చి వెనక్కి వదులుతాయి, కొన్ని రివర్స్. ఆన్ చేసి గ్రిల్ దగ్గర టిష్యూ ముక్క పెట్టండి: అతుక్కుంటే లోపలికి, ఎగిరితే బయటికి. ఒకదాని వేడిగాలి ఇంకోదానిలోకి పోకూడదు.

• మాన్యువల్ చెప్పినంత ఖాళీ వదలండి. ర్యాక్‌లో ఎత్తును ‘యూ’ల్లో కొలుస్తారు; 1యూ అంటే 44.45 మి.మీ.

• దుమ్ము ఊదే ముందు ప్లగ్ పీకేయండి, ఫ్యాన్ రెక్క తిరగకుండా పుల్లతో ఆపండి. ఎయిర్‌ గన్‌ కొడితే గిర్రున తిరుగుతుంది, చూడ్డానికి సరదానే, కానీ బేరింగ్ పోతుంది. నేనూ ఒకటి అలాగే పోగొట్టాను.

• కడిగిన ఫిల్టర్ పూర్తిగా ఆరాకే పెట్టాలి.

• ఫ్యాన్ గరగరమంటే ఇప్పుడే మార్చండి. వోల్టేజీ, గాలి బాణం గుర్తు పాతదానితో సరిపోవాలి.