మంచులో స్పోర్ట్స్ కారా? ముందు టైర్లు చూడండి

అమెరికాలో డెట్రాయిట్‌లో ఉన్న మా మేనల్లుడు మొన్న శ్రీకాకుళం ఫోన్ చేసి, "నా మస్టాంగ్ స్పోర్ట్స్ కారుకి ఇంజన్ వెనక చక్రాలనే తిప్పుతుంది మావయ్యా, మంచులో పనికిరాదంట" అని బెంగపడ్డాడు. బండి కాదురా, టైర్లు మార్చు అన్నాను.

ఇంజన్ నాలుగు చక్రాలనూ తిప్పే ఆల్ వీల్ డ్రైవ్ అయినా బండి కదలడానికే సాయం. ఆగాలన్నా, మలుపు తిరగాలన్నా టైరు పట్టే దిక్కు. స్పోర్ట్స్ కార్లు చాలావరకు వేసవి టైర్లతోనే వస్తాయి. చలి 7 డిగ్రీల కిందకు దిగితే ఆ రబ్బరు గట్టిపడి జారుతుంది. చలికాలానికని చేసిన వింటర్ టైరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు చూసి కొనండి. వెనక రెండే వేసి సరిపెట్టకండి, నాలుగూ వేయాలి.

మన దమ్ము ట్రాక్టరు చూళ్లేదా? వెనక చక్రాలదే అయినా ఇనుప చక్రాలు తగిలిస్తే బురద మడిలో లాక్కుపోతుంది.

మంచు లోతుగా పడిన రోజు మాత్రం బండి బయటకు తీయొద్దు. స్పోర్ట్స్ కారు నేలకు మరీ దగ్గర, పొట్ట ఆనిపోతే ఏ డ్రైవూ లాగలేదు. అన్నట్టు, ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడిపోతే టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ (గాలి కొట్టేటప్పుడు చూసే కొలత) తగ్గుతుంది, చూసుకోండి.