క్లౌన్‌ఫిష్ పిల్లలు ఈసారి బతికాయి (నా అనుభవం)

నేను తొట్టిలో పెంచే క్లౌన్‌ఫిష్ (ఒక సముద్రపు రంగుల చేప) గుడ్ల నుంచి పిల్లలు బాగానే వచ్చేవి, కానీ రెండు మూడు రోజులకే తొట్టి అడుగున చచ్చి పడి ఉండేవి. హీటర్, నీళ్లు మార్చడం, మేతగా ఆర్టీమియా (రొయ్యల్లాంటి చిన్న జీవులు) వేయడం, ఏదీ పనిచేయలేదు.

ఈసారి గుడ్లలో కళ్లు వెండిలా మెరవగానే, నల్ల కాగితం చుట్టిన చిన్న తొట్టిలో పెద్ద చేపల తొట్టిలోని నీళ్లే పోసి, నానోక్లోరాప్సిస్ అనే సూక్ష్మ నాచుతో లేత ఆకుపచ్చగా చేసి, పిల్లలకి మేతగా రోటిఫర్లు (నలుసంత నీటి జీవులు) ముందే వేసేశాను. గ్లాసులో తీసి వెలుతురుకి పెడితే తెల్లటి నలుసులు గిరగిరా తిరుగుతూ కనిపించాలి, అంత చిక్కగా ఉండాలి, ఎందుకంటే అప్పుడే పుట్టిన పిల్ల తిండి కోసం దూరం ఈదలేదు. రాత్రి లైట్లు ఆర్పాక పుట్టినవాటిని టార్చి వెలుగుకి దగ్గర చేర్చి మగ్గుతో నీళ్లతో సహా తెచ్చి వదిలాను. లైటు మసకగానే ఉంచాను. వారం దాటాకే ఆర్టీమియా కొద్దికొద్దిగా.

ఇది ఒసెల్లారిస్ అనే రకం క్లౌన్‌ఫిష్ సంగతి. సముద్రపు ఏంజెల్‌ఫిష్ పిల్లల నోరు ఇంకా చిన్నది, వాటికి ఇది సరిపోతుందని చెప్పలేను.