కారు కరెంటు మనమే చూసుకుందాం – 3వ భాగం: ఫ్యూజు

పోయిన భాగంలో మల్టీమీటరుతో బ్యాటరీ చూడటం అయింది కదా, రాత్రంతా ఆపి ఉంచిన బండికి 12.6 ఓల్టుల దగ్గర్లో, స్టార్ట్ చేశాక 14 ఓల్టులకి అటూ ఇటూగా చూపించాలి అనుకున్నాం. ఈసారి ఫ్యూజు.

ముందు ఒకటి బుర్రలో పెట్టుకోండి, ఫ్యూజు ఉన్నది లైటునో స్టీరియోనో కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. వైరు మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు లాగితే వైరు కాలేలోపు ఫ్యూజు తెగాలి, దాని పని అంతే.

షోరూమ్ నుంచి బండి తెచ్చి పూజ అవ్వగానే చాలామంది వెళ్ళేది ఆక్సెసరీస్ షాపుకే. అక్కడ 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తీసి 100 వాట్లది పెడతారు. లెక్క మీరే వేయండి, 55ని 12తో భాగిస్తే 4.6 ఆంపియర్లు, 100కి 8.3. కరెంటు రెండింతలు కూడా కాలేదు కదా అనిపిస్తుంది, కానీ వైరులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అదే వైరు మూడు రెట్ల కంటే ఎక్కువ వేడెక్కుతుంది. దానికే ఫాగ్ లైట్లు కూడా కలిపితే 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు పోతుంది, పోగానే 20 పసుపుదో 30 పచ్చదో గుచ్చేస్తారు, లైటు వెలిగింది కాబట్టి అందరూ హ్యాపీ. ఇప్పుడు ముందు కాలేది వైరే, ఫ్యూజు కాదు. ఇది చేసే మెకానిక్ ఎంత తెలిసినవాడైనా సరే ఒప్పుకోకండి దయచేసి.

ఇప్పుడు చేతిపని. కీ తీసేసి, ఫ్యూజ్ బాక్స్ మూత లోపల ఉన్న చార్టు చదవండి, ఏ గూట్లో ఎన్ని ఆంపియర్లు అని ఉందో అక్కడ అదే ఉందా చూడండి. 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 పచ్చ. తర్వాత బ్యాటరీ ప్లస్ టెర్మినల్ దగ్గర సన్న వైరు ఏదైనా విడిగా బిగించి ఉందేమో చూడండి, ఉంటే దాని వెంటే వేలు పెట్టుకుంటూ వెళ్ళండి, జానెడు దూరంలోపే ఫ్యూజ్ హోల్డర్ తగలాలి. తగల్లేదంటే ఆ వైరు ఎక్కడ బాడీకి రాసుకుని తోలు ఊడినా ఆపేది ఏదీ లేదు, బ్యాటరీ వందల ఆంపియర్లు ఇచ్చేయగలదు. మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింట్లూ కనిపిస్తాయి, మన ఎండలకి, బానెట్ కింద వేడికి టేపు బంక కరిగి జారిపోయి రాగి బయటపడి ఉంటుంది.

జాయింటు బాగుందో లేదో కంటికి తెలీకపోతే మీటరు చెప్తుంది. 20 ఓల్టుల డీసీలో పెట్టి, లైటు వేసి ఉంచి, ఒక పిన్ను బ్యాటరీ ప్లస్‌కి, ఇంకోటి లైటు దగ్గర ప్లస్‌కి ఆనించండి. 0.5 ఓల్టు దాటితే మధ్యలో ఎక్కడో కరెంటు వేడిగా పోతోందని. 9 ఆంపియర్లు పోయే చోట అంటే 4.5 వాట్లు, అదంతా ఒక్క చిన్న జాయింటులోనే అయితే టేపు మెత్తబడటానికి చాలు.

పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, నారింజ రంగు కేబుళ్ళు హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్ల హై ఓల్టేజీవి. వాటి జోలికి అస్సలు వెళ్ళొద్దు.

కంపెనీ సామాను అయితే భయం లేదు అనుకోవద్దు కూడా. అమెరికాలో 2022 ఆగస్టులో హ్యుందాయ్ పాలిసేడ్, కియా టెల్యురైడ్ 2020–22 మోడళ్ళని రీకాల్ చేశారు, ట్రైలర్ తగిలించే హిచ్‌కి వాడే వైరింగ్‌లోని మాడ్యూల్‌లోకి తేమ చేరి, బండి ఆపి ఉన్నా షార్ట్ అవ్వొచ్చని, ఇంటికి దూరంగా బయటే పార్క్ చేయమన్నారు. రిపేరు వచ్చేదాకా డీలర్లు చేసింది ఏంటంటే మాడ్యూల్ చూసి అవసరమైతే దాని ఫ్యూజు పీకేయడం. అక్కడ ఉండే మనవాళ్ళు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైటులో వీఐఎన్, అంటే బండి గుర్తింపు నంబరు కొడితే పెండింగ్ రీకాల్ ఉందో లేదో ఫ్రీగా చూపిస్తుంది.

వచ్చే భాగం లోపు మీ బండి ఫ్యూజ్ చార్టు ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీని ఎవరు తాగేస్తున్నారో ఒక్కో ఫ్యూజు పట్టి కనుక్కోవడానికి అది కావాలి.