అవినీతిలో ఏ రాష్ట్రం ఫస్ట్ అనే లిస్ట్ వస్తే ఏం చూడాలి

ఎలక్షన్లు దగ్గరపడితే చాలు, గుంటూరు బ్రాడీపేట టీ కొట్ల నుంచి బెజవాడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల దాకా ఒకటే గోల, అవినీతిలో మనం ఫలానా నంబర్ అంట అని. పైన ఒక ముఖ్యమంత్రి ఫోటో, అది ఎవరిదనేది పంపినోళ్ళ పార్టీని బట్టి ఉంటది. ఫార్వర్డ్ కొట్టే ముందు కాస్త ఆగండి.

ముందు వాళ్ళు అసలు దేన్ని లెక్కపెట్టారో చూడండి, సగం యవ్వారం అక్కడే తేలిపోద్ది. అవినీతి మీద పనిచేసే ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అనే సంస్థ వాళ్ళు ఏటా ఇచ్చే ఇండెక్స్‌లో 2024కి ఇండియాకి నూటికి 38 (మార్కు ఎక్కువొస్తే అవినీతి తక్కువన్నట్టు), 180 దేశాల్లో 96వ స్థానం. అది దేశాలకే, అదీ నిపుణులూ వ్యాపారులూ ఏమనుకుంటున్నారు అన్న లెక్క. ఆ ఇండెక్స్ పేరు చెప్పి రాష్ట్రాల ర్యాంకులు పంపితే చదవక్కర్లా.

రాష్ట్రాల సర్వేలు వేరే ఉన్నాయి. 2017లో సీఎంఎస్ అనే సంస్థ చేసినదాంట్లో లంచం ఎదురైందన్న ఇళ్ళ లెక్కన కర్ణాటక 77 శాతంతో ఫస్ట్, మనం 74తో సెకండ్ అని పేపర్లన్నీ వేశాయి. 20 రాష్ట్రాలూ కలిపి అడిగింది మూడు వేల పైచిలుకు ఇళ్ళని, అంటే సగటున రాష్ట్రానికి 150. అంత చిన్న శాంపిల్‌లో ఆరేడు శాతం అటూ ఇటూ అవటం మామూలే, ఇక 77కీ 74కీ మధ్య ఫస్టేంటి సెకండేంటి?

అసలు తిరకాసు ఇంకోటి. ఈ సర్వేల్లో అడిగేది రేషన్, కరెంటు, పోలీసు, భూమి రికార్డులు, వీటి దగ్గర లంచం ఎదురైందా అని. మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు) కోసం ఆఫీసు చుట్టూ తిరిగినాయన తన జేబులోంచి పోయింది చెప్తాడు, ఇసుక రీచ్ ఎవరికి ఎట్టా పోయిందో, ఏ కంపెనీకి ఎకరం ఎంతకి రాసిచ్చారో ఆయనకేం తెలుసు? పెద్ద మేత ఈ లెక్కలోకి రానే రాదు. హెడ్డింగ్ మాత్రం రాజకీయ అవినీతి అని పెడతారు!

కేసుల లెక్క చూపిస్తే ఇంకా జాగ్రత్త. దేశమంతా నేరాల లెక్కలు రాసే ఎన్‌సీఆర్‌బీ లిస్టుల్లో మహారాష్ట్ర చాలాసార్లు పైనే ఉంటది, అక్కడ ఏసీబీ వాళ్ళు వలేసి లంచం తీసుకుంటుండగా పట్టుకునే ట్రాపులు ఎక్కువ మరి. మన దగ్గరా 2019లో అవినీతి మీద ఫిర్యాదులకి 14400 ఫోన్ నంబర్ పెట్టారు, ఇట్టాంటివి జనం వాడేకొద్దీ ఫిర్యాదులు, కేసులు పెరుగుతాయి, అంతమాత్రాన లంచాలు పెరిగినట్టు కాదు. పైగా అవినీతి నిరోధక చట్టానికి 2018 సవరణలో వచ్చిన సెక్షన్ 17ఎ ప్రకారం ఒక అధికారో మంత్రో తీసుకున్న నిర్ణయం మీద ఎంక్వైరీ చెయ్యాలంటే ముందు పర్మిషన్ కావాలి, లంచం తీసుకుంటుండగా పట్టుకుంటే అక్కర్లేదు. ఇక లిస్టులో చిన్నోళ్ళు కాక ఎవరుంటారు చెప్పండి.

2014కి ముందు లిస్టయితే ఆంధ్రా అంటే తెలంగాణ కూడా కలిపి, అది మర్చిపోవద్దు.

నిజంగా తెలుసుకోవాలని ఉంటే ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ వెబ్‌సైట్‌లో ఆంధ్రప్రదేశ్ రిపోర్టులు ఫ్రీగా ఉంటాయి. చదవటానికి బోరే, కానీ ఏ శాఖ ఏ పనికి ఎంత ఎక్కువ కట్టిందో రూపాయల్లో రాస్తారు, ఆ శాఖ ఇచ్చుకున్న సంజాయిషీ కూడా పక్కనే ఉంటది, ముందు అది చదవండి, భలే ఉంటాయి కొన్ని.