ఇంటర్న్‌షిప్ ముగించడం, 4వ పాఠం: ఫైలు ఎవరి పేరున ఉంది?

ఈ పాఠంలో సిఫారసు లేఖ గురించి చెప్పాలి. అది వచ్చేసారికి వాయిదా. కిందటిసారి రాయమన్న హ్యాండోవర్ నోట్లు చాలావరకు డైరీలయ్యాయి: మొదటి వారం ఇది నేర్చుకున్నాను, రెండో వారం అది చేశాను. అది కాలేజీకి ఇచ్చే రిపోర్టు. హ్యాండోవర్ నోట్ మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవారికి. పని ఎక్కడ ఆగింది, తర్వాత ఏం చెయ్యాలి, ఎప్పటిలోగా, సందేహమొస్తే ఎవరిని అడగాలి. వాళ్లకు ఇంతే కావాలి.

"కస్టమర్ల జాబితా సరిచేశాను" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా రాయండి: "మొత్తం 1,240 వరుసలు. 900 దాకా ఫోన్ నంబర్లు సరిచూశాను. మిగతా 340లో రెండుసార్లు వచ్చిన పేర్లకు పసుపు రంగు వేశాను. వాటిని కలపాలో వద్దో సేల్స్ వాళ్లు చెప్పాలి. గురువారం మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు." ఆ చివరి ముక్కే అన్నిటికన్నా ముఖ్యం. ఆ జవాబు మీరు వెళ్లాక, మూతపడిన మీ మెయిల్‌కి వస్తుంది. అందుకే అదే మెయిల్‌కి రిప్లై ఇస్తూ, పని తీసుకునేవారిని సీసీలో చేర్చండి.

"బ్రోషర్ చివరి దశలో ఉంది" అన్నదీ అంతే. ఎవరు సరేననాలి?

ఇక దాదాపు అందరూ పడ్డ గొయ్యి: "ఫోల్డర్ షేర్ చేశాను." షేర్ చెయ్యడం అప్పగించడం కాదు. గూగుల్ డ్రైవ్‌లో ఎంతమందిని ఎడిటర్లుగా చేర్చినా ఓనర్ మీరే. సంస్థ మీ ఖాతాను తొలగించేటప్పుడు ఫైళ్లను మరొకరికి బదిలీ చెయ్యకపోతే అవీ పోతాయి. ఫోల్డర్ ఓనర్‌ని మార్చినంత మాత్రాన లోపలి ఫైళ్ల ఓనర్ మారరు. ఒక్కో ఫైలుకూ ఓనర్ ఎవరో చూడాల్సిందే.

సొంత జీమెయిల్‌లో పని చేసినవారికి ఇంకో చిక్కు. అక్కడి నుంచి సంస్థ ఖాతాకు ఓనర్‌షిప్ బదిలీ కాదు. కాపీ చెయ్యడం ఒక దారి. కాపీ ఎవరు చేస్తే వారే దానికి ఓనర్, కాబట్టి మీరు చేసి ఇవ్వకండి, పని తీసుకునేవారి లాగిన్ నుంచి చేయించండి. పాత వెర్షన్లు కాపీలోకి రావు. కామెంట్లు కావాలంటే కాపీ చేసేటప్పుడే వాటినీ కాపీ చెయ్యమనే గడిలో టిక్ పెట్టాలి. గూగుల్ ఫారమ్ కాపీ చేస్తే ప్రశ్నలే వస్తాయి, వచ్చిన జవాబులు రావు. వాటిని విడిగా షీట్‌లోకి తీసుకోవాలి.

సంస్థకు షేర్డ్ డ్రైవ్ ఉంటే నేను మొదటి రోజు నుంచీ అందులోనే పెట్టమంటాను. అందులోని ఫైళ్లు సంస్థవి, మనిషి వెళ్లినా అవి ఉంటాయి.

ఇదంతా ఆఖరి రోజుకి వదలకండి, కనీసం ఐదు పనిదినాల ముందు ముగించండి. పాస్‌వర్డ్‌లు నోట్‌లో రాయొద్దు.

అభ్యాసం: మీ పని తెలియని సహోద్యోగికి నోట్ మాత్రమే ఇచ్చి, అందులోని ఒక పనిని మొదలుపెట్టి పూర్తిచెయ్యమనండి. 45 నిమిషాలు పక్కనే కూర్చోండి, నోరు విప్పకండి. వాళ్లు ఆగిన ప్రతి చోటా గుర్తు పెట్టుకుని ఆ వాక్యం తిరగరాయండి. మర్నాడు మరొకరితో మళ్లీ చేయించండి. నోట్‌లో ఆరు పనులుంటే ఆరింటికీ ఇదే.