వీఎస్ కోడ్‌లో సీ ప్రోగ్రామ్ రన్ అవ్వట్లేదా?

వీఎస్ కోడ్ మీ ప్రోగ్రామ్‌ని కంపైల్ చెయ్యదు. అది రాసుకునే పలక అంతే, అసలు పని జీసీసీ అనే కంపైలర్‌ది, మన కోడ్‌ని కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్‌గా మార్చేది అదే. సీ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే కంపైలర్ కూడా వచ్చేసిందనుకుంటారు చాలామంది, రాదు.

"జీసీసీ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్" అంటోంది
జీసీసీ అసలు లేదు, లేదా ఎక్కడుందో విండోస్‌కి తెలీదు. జీసీసీని విండోస్‌లోకి తెచ్చుకోడానికి ఎంసిస్2 అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, దాని టెర్మినల్‌లో ప్యాక్‌మ్యాన్ అనే కమాండ్‌తో యూసీఆర్‌టీ64 జీసీసీ ప్యాకేజీని విడిగా దించుకోవాలి. ఆ తర్వాత ఎంసిస్64 ఫోల్డర్‌లో యూసీఆర్‌టీ64, అందులో ఉన్న బిన్ ఫోల్డర్ అడ్రస్‌ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పాత్‌కి, అంటే విండోస్ ప్రోగ్రామ్‌ల కోసం వెతికే ఫోల్డర్ల లిస్ట్‌కి, కలపండి. వీఎస్ కోడ్‌ని మొత్తం మూసి మళ్లీ తెరవండి, లేకపోతే దానికి పాత పాత్ మాత్రమే గుర్తుంటుంది.

స్కాన్ఎఫ్ దగ్గర ఆగిపోయింది, టైప్ చేస్తే పడట్లేదు
కోడ్ రన్నర్ అనే ఎక్స్‌టెన్షన్‌తో రన్ చేస్తున్నారు కదా? దాని అవుట్‌పుట్ ట్యాబ్ చూడ్డానికే, అందులో టైప్ చెయ్యలేం. ప్రింట్ఎఫ్‌లో రాసిన "నంబర్ ఇవ్వండి" కూడా బఫర్‌లో, అంటే తాత్కాలిక మెమరీలో, ఉండిపోయి కనిపించకపోవచ్చు, దాంతో ప్రోగ్రామే తప్పనుకుని లాజిక్ మారుస్తూ కూర్చుంటాం. సెట్టింగ్స్‌లో కోడ్ రన్నర్ కింద "రన్ ఇన్ టెర్మినల్"కి టిక్ పెట్టండి, చాలు.

ఆగిపోయిన ఆ ప్రోగ్రామ్‌ని ఆపకుండా మళ్లీ కంపైల్ చేస్తే "పర్మిషన్ డినైడ్" వస్తుంది. పాత ఈఎక్స్‌ఈ ఇంకా నడుస్తోంది కాబట్టి దాని మీద కొత్తది రాయనివ్వదు. టాస్క్ మేనేజర్‌లో దాన్ని ఆపెయ్యండి.

"అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు విన్‌మెయిన్"
పేరు చూసి టెన్షన్ పడకండి. మెయిన్ ఫంక్షన్ దొరకలేదని దాని గోల. మెయిన్ స్పెల్లింగ్ చూడండి, అదీ సరిగ్గా ఉంటే ఫైల్ సేవ్ చెయ్యలేదన్నమాట: ట్యాబ్ మీద గుండ్రటి చుక్క ఉంటుంది. నేను ఇదే ఎర్రర్‌కి కంపైలర్‌ని రెండుసార్లు తీసి వేశాను! ఫైల్ మెనూలో ఆటో సేవ్ పెట్టుకోండి.

రికార్డులో ఉన్న కోడ్ యథాతథంగా ఎక్కించినా ఎర్రర్లే
అది టర్బో సీ అనే పాత కంపైలర్ కాలం నాటి కోడ్ అయ్యుంటుంది. క్లియర్ స్క్రీన్ కోసం వాడే క్లర్‌స్కర్ జీసీసీలో లేదు, ఆ లైన్ తీసెయ్యండి. గెట్‌సీహెచ్ విండోస్‌లో నడుస్తుంది, లైనక్స్‌లో దానికి కావాల్సిన కోనియో హెడర్ ఉండదు కాబట్టి అక్కడ అదీ తియ్యాల్సిందే. వాయిడ్ మెయిన్‌ని ఇంట్ మెయిన్ చెయ్యండి. ల్యాబ్‌లో సార్ ఒప్పుకోకపోతే రికార్డులో మాత్రం పాతదే ఉంచండి.