నెలల తరబడి ఇల్లు వదిలి వెళ్ళేముందు

రెండు మూడు నెలల ప్రయాణమంటే పెట్టె సర్దడానికి ఇచ్చినంత సమయం ఇంటికి ఇవ్వం. పెట్టెలో మరిచిపోయింది దారిలో కొనుక్కోవచ్చు గానీ, ఇంట్లో కారుతున్న కుళాయిని దూరాన ఉండి కట్టేయలేం. అందుకే పనుల్ని బయల్దేరే గంట నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. ఆ ఆఖరి గంటకి స్విచ్చులు, వాల్వులు, తాళాలు మాత్రమే మిగలాలి. కడగడం, ఆరబెట్టడం అంతకు రెండు రోజుల ముందే మొదలవ్వాలి, ఎందుకంటే తడి ఆరడానికి తొందర తెలియదు.

కాగితాల పని నెల ముందే మొదలుపెట్టండి. విదేశానికైతే పాస్‌పోర్టు గడువు చూసుకోండి. కనీసం 6 నెలలు మిగిలి ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. రోజూ వేసుకునే మందులు తిరిగొచ్చే తేదీకి మరో రెండు వారాలు కలిపి తీసుకుని, అసలు ప్యాకింగులోనే, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి. బ్యాంకు ఓటీపీ వచ్చే నంబరు వెళ్ళే చోట పనిచేస్తుందో లేదో ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి. రీచార్జి లేక సిమ్ ఆగిపోతే ఖాతాలో డబ్బున్నా చేతికందదు. ఇంటికి బీమా ఉంటే, ఖాళీ ఇంటి గురించిన నిబంధన చదవండి. ఇల్లు 30 లేదా 60 రోజులు దాటి ఖాళీగా ఉంటే కొన్ని పాలసీలు కొన్నిరకాల నష్టాలకు డబ్బివ్వవు.

నీళ్ళ సంగతి

దొంగల భయంతో అందరూ తాళాల మీదే దృష్టి పెడతారు. మూసిన ఇంటిని పాడుచేయడంలో మాత్రం నీళ్ళ తరవాతే ఏదైనా. ఇంట్లోకి నీళ్ళొచ్చే మెయిన్ వాల్వు ఎక్కడుందో చూసి, వారం ముందే ఒకసారి తిప్పండి. ఏళ్ళ తరబడి కదపనిది బిగుసుకుపోయి ఉంటుంది, లేదా తిరిగినా పూర్తిగా మూసుకోదు. ఆ సంగతి ఆఖరి రోజు బయటపడితే ప్లంబర్ కోసం బండి ఆగదు.

బయల్దేరే రోజు ఈ వరస తప్పొద్దు: ముందు గీజర్ స్విచ్ కట్టేయాలి, తరవాత మెయిన్ వాల్వు మూయాలి, ఆపైన అన్నిటికన్నా కిందున్న కుళాయి తిప్పి పైపుల్లో ఒత్తిడి పోయేదాకా నీళ్ళు వదలాలి. గీజర్ వేసి ఉండగా అందులో నీళ్ళు ఖాళీ అయితే లోపలి కాయిల్ మాడిపోతుంది. ధార ఆగాక ఆ కుళాయిని కట్టేయండి. లేకపోతే రేపు ఎవరైనా వాల్వు తెరిచారా, గది నిండా నీళ్ళే. గడ్డకట్టే చలి ఉండే చోట ఇది చాలదు. నీళ్ళు మంచుగా మారేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బి పైపుల్ని చీలుస్తాయి, కాబట్టి పైపులు పూర్తిగా ఖాళీ చేయించాలి.

చాలామంది ఊహించనిది మురుగు వాసన. సింకు కింద, బాత్‌రూమ్ జాలీ కింద ఉన్న వంపులో సుమారు 50 మిల్లీమీటర్ల లోతున నీళ్ళు నిలిచి మురుగు గాలినీ బొద్దింకలనూ పైకి రానివ్వవు. వాడకం లేకపోతే ఆ నీళ్ళు కొన్ని వారాల్లో ఆవిరైపోతాయి. ప్రతి జాలీలో ఒక లీటరు నీళ్ళు పోసి, పైన రెండు మూడు చెంచాల నూనె వేయండి. నూనె పొరలా తేలి ఆవిరిని ఆపుతుంది. వంటనూనె కొన్నాళ్ళకు ముక్కిపోతుంది, అందుకని ప్రయాణం మరీ పొడుగైతే మినరల్ ఆయిల్ మేలు. కమోడ్‌పై ప్లాస్టిక్ షీటు పరిచి మూత దించండి. డాబా మీద తూములకు అడ్డుపడ్డ ఆకులు తీయడం కూడా ఈ పనుల్లోనే చేర్చుకోండి. తూము మూసుకుంటే ఒక్క పెద్ద వానకే కప్పు చెమ్మ పడుతుంది.

ఫ్రిజ్, బ్యాటరీలు

నెల దాటితే ఫ్రిజ్ ఆపేయడమే మంచిది. రెండు రోజుల ముందు ప్లగ్ తీసి, మంచు కరిగాక, లీటరు గోరువెచ్చని నీళ్ళలో 2 చెంచాల వంటసోడా కలిపి లోపలంతా తుడవండి. తలుపు రబ్బరు మడతల్నీ, వెనక కంప్రెసర్ దగ్గర నీళ్ళు చేరే ట్రేనీ వదిలేయకండి, కంపు అక్కడే మొదలవుతుంది. ఆరాక తలుపు నాలుగు వేళ్ళ సందుతో నిలిచేలా మడిచిన తువ్వాలు అడ్డం పెట్టండి. పూర్తిగా మూసేస్తే మిగిలిన కాస్త తడికే బూజు పడుతుంది. వాషింగ్ మెషీన్‌కీ అంతే: అడుగున ఫిల్టర్ విప్పి నిలవ నీళ్ళు తీసేసి, తలుపు తెరిచి ఉంచాలి.

ఇన్వర్టర్ దగ్గర ఒక తప్పు తరచుగా జరుగుతుంది. మెయిన్ స్విచ్ కట్టేసి ఇన్వర్టర్‌ని వదిలేస్తే, అది కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీద నడుస్తుంది. పూర్తిగా దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ అలాగే నెలలు పడి ఉంటే పలకలపై సల్ఫేట్ గట్టిపడి మళ్ళీ చార్జి ఎక్కదు. డిస్టిల్డ్ వాటర్ నింపి, పూర్తిగా చార్జి చేసి, ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ తీగలు విప్పేయండి. కారు బ్యాటరీకి నెగటివ్ తీగే ముందు విప్పాలి. పాజిటివ్ విప్పుతుండగా స్పానర్ కారు బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. హ్యాండ్‌బ్రేక్ వేసి వదలకండి, బ్రేకులు పట్టేసుకుంటాయి. గేరులో ఉంచి చక్రాలకు దిమ్మెలు పెట్టండి. ఇంట్లో వదిలే ల్యాప్‌టాప్‌ను సగం చార్జితో ఉంచితే చాలు. రిమోట్లు, గోడ గడియారాల్లో సెల్స్ తీసేయండి, కారితే లోపలి రేకులు తినేస్తాయి.

బట్టలు గంజి పెట్టకుండా ఉతికి, పూర్తిగా ఆరాకే బీరువాలో పెట్టాలి. గంజి పురుగులకు తిండి. గాలిలో తేమ 60 శాతం దాటి నిలిస్తే బూజుకు అనుకూలం, కాబట్టి గది లోపలి తలుపులు, అలమరాలు తెరిచే ఉంచండి. పరుపును నిలబెట్టి గోడకు జానెడు దూరంలో పెట్టండి.

తాళంచెవి నమ్మకమైన ఒకరికివ్వండి. వాల్వు, మెయిన్ స్విచ్ ఉన్న చోట్ల ఫొటోలు, మీటరు రీడింగు కూడా పంపండి. ‘అప్పుడప్పుడు చూస్తుండండి’ అంటే ఎవరూ రారు. నెలకోసారి వచ్చి జాలీల్లో బకెట్టు నీళ్ళు పోయాలని, పెద్ద వాన పడిన మర్నాడు కప్పు చూడాలని పని పేరు పెట్టి చెప్పండి.

తిరిగొచ్చాక

గ్యాస్ వాసన వస్తుంటే ఏ స్విచ్చూ ముట్టకుండా ముందు కిటికీలు తెరవండి. తరవాత వాల్వును మెల్లగా, పావు తిప్పు తిప్పి ఆగి, కారుతున్న చప్పుడుందేమో వినండి. నెలల తరబడి నిలిచిన నీళ్ళలో సూక్ష్మక్రిములు పెరిగి ఉండొచ్చు కాబట్టి ప్రతి కుళాయినీ కొన్ని నిమిషాలు పారనివ్వాలి. షవర్ తల విప్పి, తుంపర మొహం మీద పడకుండా వదలండి. వేడినీళ్ళ కుళాయిలో గాలి బుడగలు ఆగి ధార నిండుగా వచ్చాకే గీజర్ వేయండి.